కొని పెరిగిన కంపెనీ: పాత సామాను వ్యాపారంలో పెట్టుబడిని గూర్చి

పారవేసిన వస్తువునకు విలువ లేదని లోకం అనుకొనును. ప్రొద్దుటే తోపుడు బండితో వీధిలోనికి వచ్చి పాత కాగితాలు, ఇనుప ముక్కలు, ఖాళీ సీసాలు తూకం వేసి కొనిపోవు కబాడీ మనిషిని అడిగినచో ఆ మాట నిజం కాదని చెప్పును. అతని బండిలోని అట్ట గోదాము చేరును. అక్కడ రకరకాలుగా వేరుపడి, యంత్రంలో అదుమబడి, కట్టలై కాగితపు మిల్లునకు పోయి, మరల అట్టపెట్టెగా మారి మన ఇంటికే తిరిగి వచ్చును. ఈ చక్రం తిరుగుట వలన వేలాది కుటుంబాలు బ్రతుకుతున్నవి. మన కళాశాలలో చదువుకొనుచున్న పిల్లలలో ఈ వ్యాపారం చేయు ఇండ్ల నుండి వచ్చినవారు కొందరు కలరు. అందుచే ఈ విషయం మనకు దూరపుది కాదు.

గడచిన విద్యాసంవత్సరంలో బి.కాం. చదువుచున్న ఒక విద్యార్థి తెలుగు పాఠం ముగిసిన తరువాత మా వద్దకు వచ్చి, "సార్, మా అబ్బా గోదామును ఒక కంపెనీవారు కొంటామంటున్నారు. డబ్బు కొంచెమే ఇచ్చి, మిగిలినదానికి తమ షేర్లు ఇస్తారట. తీసుకోవచ్చునా?" అని అడిగినాడు. ఆ కంపెనీ చిన్నది. రెండు మూడేండ్లుగా ఊరూరా ఇటువంటి గోదాములను వరుసగా కొంటున్నది. ఒక్కొక్క కొనుగోలు ప్రకటించినప్పుడల్లా దాని షేరు ధర పెరుగుతున్నది. తండ్రి ఇరువది రెండేండ్లు కష్టించి నిలబెట్టిన గోదాము అది. ఈ అబ్బాయి చదువునకు, ఇద్దరు చెల్లెండ్ర పెండ్లిండ్లకు ఆధారం అదే.

మేము బోధించునది తెలుగు, వాణిజ్యశాస్త్రం కాదు. అయినను కొన్నేండ్ల క్రిందట మేము కూడ "నెలకొక కంపెనీని కొంటున్నది" అను మాట విని ఒక చిన్న కంపెనీ షేర్లు కొని, పెట్టిన సొమ్ములో సగమునకు పైగా పోగొట్టుకొన్నవారము. ఆ పిమ్మటనే లెక్కలు చదువుట నేర్చుకొంటిమి. ముందు చేయవలసిన పనిని వెనుక చేసితిమి. మా కామర్స్ శాఖ మిత్రుల సాయంతో తెలుసుకొన్న సంగతులను ఆ విద్యార్థికి చెప్పినట్లే ఇచ్చట క్రమముగా చెప్పదలచినాము.

ఈ వ్యాపారంలో లాభం ఎక్కడిది?

పాత సామాను వ్యాపారికి రాబడి రెండు విధాల వచ్చును. మొదటిది, చెత్తను తీసికొనిపోవుటకు పురపాలక సంఘాలు, ఆసుపత్రులు, కర్మాగారాలు ఇచ్చు రుసుము. రెండవది, వేరు చేసిన సరుకును మిల్లులకు అమ్మగా వచ్చు ధర. మొదటిది కాంట్రాక్టును బట్టి కొన్నేండ్లపాటు ఇంచుమించు నిలకడగా నుండును. రెండవది సంతలోని ధర వంటిది. ఇవాళ ఉన్నది రేపు ఉండదు. ఏ కంపెనీ రాబడిలో ఈ రెండవ భాగం ఎక్కువగా నుండునో దాని లాభం అంతగా ఊగిసలాడును.

ఒక ఉదాహరణ చూతము. ఒక వ్యాపారి పాత ఇనుము కిలో 30 రూపాయలకు కొని, 4 రూపాయలు ఖర్చు పెట్టి, 36 రూపాయలకు అమ్మినచో కిలోకు 2 రూపాయలు మిగులును. గోదాములో 1,000 టన్నుల సరుకు నిలువ యున్నదనుకొందము. ఆ సరుకు అమ్ముడుపోకమునుపే మిల్లు ధర కిలోకు 3 రూపాయలు తగ్గినచో 30 లక్షల రూపాయలు పోయినట్లే. వేయి టన్నుల మీద రావలసిన లాభం 20 లక్షలే. అది పోగా చేతినుండి మరి 10 లక్షలు పడును. పనివాడు తప్పు చేయలేదు, కాటా తప్పు చూపలేదు. ధర మారినది, అంతే.

ఆ ధర మన ఊరిలో నిర్ణయమగునది కాదు. 2018 జనవరి నుండి చైనా దేశం పరదేశాల నుండి వచ్చు పాత ప్లాస్టిక్కు, వేరు చేయని పాత కాగితం మొదలైన 24 రకాల వ్యర్థాల దిగుమతిని నిషేధించినది. వెంటనే అమెరికాలోను, ఐరోపాలోను ఆ సరుకుల ధరలు పడిపోయినవి. అంతకుముందు పాత కాగితం అమ్మి డబ్బు సంపాదించిన అమెరికా పట్టణాలు కొన్ని, దానిని తీసికొనిపొమ్మని ఎదురు సొమ్ము ఇవ్వవలసి వచ్చినది. ఒక దేశపు ఉత్తరువు మరియొక ఖండంలోని గోదాము లాభాన్ని తుడిచివేసినది.

ఒకరినొకరు ఎందుకు కొందురు?

ఈ వ్యాపారం చిన్న చిన్న కుటుంబాల చేతులలో చీలియున్నది. అందువలన పెద్దదొకటి చిన్నవాటిని కొనుటలో న్యాయమైన కారణాలు లేకపోలేదు. ఒకే వీధిలో మూడు కంపెనీల లారీలు తిరుగుటకంటె ఒక్క లారీయే నిండుగా తిరిగినచో డీజిలు ఖర్చు, కూలి ఖర్చు తగ్గును. సరుకు ఎక్కువగా నున్నచో మిల్లువారితో బేరమాడు శక్తి కలుగును. ఖరీదైన బేలింగ్ ప్రెస్సునకు రోజంతయు పని దొరకును. అన్నిటికంటె ముఖ్యమైనది ప్రభుత్వ నిబంధన. కాలుష్య నియంత్రణ చట్టాలు కఠినమైనకొలది చిన్న వ్యాపారి ఆ ఖర్చులు మోయలేడు. అమ్మివేయుటకు తానే సిద్ధపడును.

అయితే వీటితో పాటు మరియొక కారణం కలదు. అది లారీలలో గాని గోదాములో గాని లేదు. కేవలం గణితంలో ఉన్నది. దానిని విద్యార్థులు కాగితం, కలము పట్టుకొని చేసి చూడవలెనని మా కోరిక.

ఒక కంపెనీకి 10 లక్షల షేర్లు ఉన్నవనుకొందము. సంవత్సరపు లాభం 20 లక్షల రూపాయలు. అనగా షేరు ఒక్కింటికి లాభం 2 రూపాయలు. బజారులో ఆ షేరు 40 రూపాయలకు, అనగా లాభమునకు ఇరువది రెట్లకు అమ్ముడగుచున్నది. ఈ కంపెనీ సంవత్సరానికి 10 లక్షల లాభం గల ఒక కుటుంబ వ్యాపారాన్ని, ఆ లాభమునకు ఐదు రెట్లు, అనగా 50 లక్షలు ఇచ్చి కొన్నది. సొమ్ము ఇవ్వలేదు; 40 రూపాయల లెక్కన 1,25,000 కొత్త షేర్లు ముద్రించి ఇచ్చినది. ఇప్పుడు మొత్తం లాభం 30 లక్షలు. మొత్తం షేర్లు 11,25,000. షేరు ఒక్కింటికి లాభం 2 రూపాయల 67 పైసలు అయినది.

గమనింపుడు. ఒక్క కిలో కాగితం అదనంగా సేకరింపబడలేదు. ఒక్క రూపాయి ఖర్చు తగ్గలేదు. అయినను షేరు ఒక్కింటి లాభం మూడవ వంతు పెరిగినది. పత్రికలలో "అద్భుతమైన అభివృద్ధి" అని వచ్చును. కొనుగోలుదార్లు అదే ఇరువది రెట్లు ఇచ్చినచో షేరు ధర 53 రూపాయలు దాటును. ధర పెరిగినందున తరువాతి కొనుగోలునకు ఇంకను తక్కువ షేర్లు ఇచ్చిన సరిపోవును. ఈ విధంగా ధర పెరుగుట వలన కొనుగోళ్ళు, కొనుగోళ్ళ వలన ధర, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కును.

ఒకనాడు కొనదగిన వ్యాపారాలు అయిపోవును, లేదా అమ్మువారు ధర పెంచుదురు. అప్పుడు ఆ కంపెనీ తనంతట తాను పెరుగుట లేదని అందరికిని తెలియును. ఇరువది రెట్లు ఇచ్చినవారు పది రెట్లే ఇత్తురు. 2 రూపాయల 67 పైసల లాభమునకు పది రెట్లు అనగా 26 రూపాయల 67 పైసలు. లాభం మూడవ వంతు పెరిగినను షేరు ధర 40 నుండి మూడవ వంతు తగ్గినది. గోదాము అమ్మి 50 లక్షల విలువ గల షేర్లు తీసికొన్న కుటుంబం చేతిలో 33 లక్షలు మిగిలినవి. గోదాము మాత్రం తిరిగి రాదు.

ఒక పెద్ద కంపెనీ చరిత్ర

ఇది ఊహాగణితం కాదనుటకు అమెరికాలోని వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీ చరిత్ర సాక్ష్యం. హాలెండు దేశం నుండి వలస వచ్చిన హార్మ్ హైజెంగా అనునతడు 1893లో షికాగో నగరంలో బండి కట్టి చెత్త మోయుట ప్రారంభించినాడు. అతని మనుమడు వేన్ హైజెంగా 1962లో ఫ్లోరిడాలో ఒక్క లారీతో అదే పని మొదలుపెట్టినాడు. షికాగోలో మామగారి చెత్త వ్యాపారాన్ని 1956 నుండి నడుపుచున్న డీన్ బంట్రాక్, లారీ బెక్ అనువారు అతనితో కలసి 1968లో ఈ కంపెనీని స్థాపించినారు. 1971లో షేర్లు ప్రజలకు అమ్మినారు. 1972 నాటికి 133 చిన్న వ్యాపారాలను కొని, 8 కోట్ల 20 లక్షల డాలర్ల వార్షిక రాబడికి ఎదిగినారు.

అంత త్వరగా ఎట్లు సాధ్యమైనది? 1965లో ఘనవ్యర్థాల చట్టం, 1970లో వాయుకాలుష్య చట్టం వచ్చినవి. బహిరంగంగా చెత్త తగులబెట్టుట కష్టమైనది. సరియైన పూడ్పు స్థలాలు కావలసి వచ్చినవి. తండ్రి తాతల నాటి నుండి ఒకటి రెండు లారీలతో బ్రతుకుచున్న కుటుంబాలకు ఆ ఖర్చు భరించు శక్తి లేదు. వారికి పెద్ద కంపెనీ షేర్లు ఆశ్రయంగా కనిపించినవి. మొదటి ఏండ్లలో అట్లు చేరినవారు నష్టపోలేదు, చాలామంది ధనవంతులైనారు. ఈ మాట చెప్పకపోవుట అన్యాయం.

కాని కొనుగోళ్ళతో పెరిగిన కంపెనీకి ఏటేటా అదే వేగంతో పెరుగవలెనను ఒత్తిడి కలుగును. ఆ ఒత్తిడి 1990 దశకంలో లెక్కల పుస్తకంలోనికి వచ్చినది. 1997 మధ్యలో కొత్తగా వచ్చిన ప్రధానాధికారి లెక్కలను తిరిగి పరిశీలించుమని ఆదేశించినాడు. 1992 నుండి 1997 వరకు చూపిన లాభాలలో 170 కోట్ల డాలర్లు లేని లాభమని 1998లో కంపెనీయే ఒప్పుకొన్నది. అంతకుముందు ఏ కంపెనీయు అంత పెద్ద సవరణ చేసి యుండలేదు. ఆ వ్యవహారం వలన వాటాదారులు 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినారని అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ 2002లో బంట్రాక్ మీదను, మరి ఐదుగురు అధికారుల మీదను వేసిన వ్యాజ్యంలో పేర్కొన్నది. అంతకు ముందటి ఏడే, 2001లో, లెక్కలు తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ 70 లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటకు అంగీకరించినది.

చెత్త లారీ ఎన్నేండ్లు బ్రతుకును?

ఆ మోసంలో గొప్ప చాతుర్యమేమియు లేదు. చెత్త లారీ వయస్సును గూర్చిన ఒక అబద్ధం అందులో ప్రధానమైనది. మన విద్యార్థులకు తరుగుదల అను పాఠం కలదు. 20 లక్షలకు కొన్న లారీ 8 ఏండ్లు తిరిగి చివరకు ఏమియు మిగలదనుకొన్నచో, ఏడాదికి 2 లక్షల 50 వేలు ఖర్చుగా వ్రాయవలెను. అదే లారీ 10 ఏండ్లు తిరుగునని, ఆ తరువాత కూడ 5 లక్షలు వచ్చునని వ్రాసినచో ఏడాది ఖర్చు 1 లక్ష 50 వేలే అగును. లారీ ఒక్కింటికి లక్ష రూపాయల లాభం కలము చివర పుట్టినది. వంద లారీలున్నచో కోటి రూపాయలు. కాని లారీ ఆ పుస్తకం చదువదు. అది తన కాలం వచ్చినప్పుడు ఆగిపోవును. కొత్త లారీకి నిజమైన సొమ్ము కావలెను.

వేస్ట్ మేనేజ్‌మెంట్ అధికారులు లారీల ఆయుర్దాయం పెంచినారు. ఆధారం లేని పాత ధరలు కట్టినారు. చెత్తతో పూడ్పు స్థలాలు నిండుచున్నను వాటి విలువ తగ్గించి వ్రాయలేదు. మన విషయమునకు సంబంధించిన మరియొక పద్ధతి కూడ కలదు. ఒక వ్యాపారాన్ని కొన్నప్పుడు, "దీని వలన ముందు ముందు కాలుష్య సంబంధమైన ఖర్చులు రావచ్చును" అని అవసరమునకు మించి నిధి కేటాయించి, తరువాత ఆ నిధి నుండి వేరే సాధారణ ఖర్చులను పూడ్చినారు. కొనుగోలు జరిగిన ప్రతిసారి లెక్కలలో ఒక కొత్త చీకటి గది ఏర్పడునని దీనివలన తెలియుచున్నది. తరచుగా కొను కంపెనీలో ఈ ఏటి లెక్కను నిరుటి లెక్కతో పోల్చి చూచుట కష్టం. ఆ కష్టమే మోసగానికి సౌకర్యం.

1998లో యు.ఎస్.ఎ. వేస్ట్ సర్వీసెస్ అను చిన్న కంపెనీ దీనిలో కలసి, పాత పేరునే ఉంచుకొన్నది. ఆ కంపెనీ నేటికిని అమెరికాలో ఈ రంగంలో అన్నిటికంటె పెద్దది. 2024లో ఆసుపత్రి వ్యర్థాలను తీసికొనిపోవు స్టెరిసైకిల్ కంపెనీని కూడ కొన్నది. కావున కొనుగోలు అను పనియే చెడ్డదని మేము చెప్పుట లేదు. ఎట్లు కొన్నారు, దేనితో కొన్నారు, కొన్నదానిని ఎట్లు లెక్క వ్రాసినారు అనునవే అసలు ప్రశ్నలు.

అప్పు చేసి కొన్నచో

షేర్లు ముద్రించి కొనుటలో ఒక అపాయం ఉన్నచో, అప్పు చేసి కొనుటలో మరియొకటి కలదు. మెటల్ మేనేజ్‌మెంట్ అను అమెరికా కంపెనీ దీనికి ఉదాహరణ. మొదట దాని పేరు జనరల్ పారామెట్రిక్స్. పాత ఇనుముతో దానికి సంబంధమే లేదు. 1996లో ఎమ్కో రీసైక్లింగ్ అను లోహపు తుక్కు కంపెనీతో కలసి కొత్త పేరు పెట్టుకొని, రెండు మూడేండ్లలో దేశమంతటను కుటుంబాల చేతులలో ఉన్న తుక్కు యార్డులను వరుసగా కొన్నది. అందులో చాలవరకు అప్పు. ఇంతలో ఆసియా దేశాల ఆర్థిక సంక్షోభం వలన 1998లో తుక్కు ఉక్కు ధరలు పడిపోయినవి. ధర తగ్గినను వడ్డీ తగ్గదు. 2000 నవంబరులో కంపెనీ దివాలా రక్షణకై కోర్టును ఆశ్రయించినది.

2001లో కోర్టు నుండి బయటపడినప్పుడు కంపెనీ ఇంచుమించు అప్పులవారి సొత్తు అయినది. పాత వాటాదారులకు మిగిలినది నామమాత్రం. యార్డులు అవే, యంత్రాలు అవే, పనివారు అవే. తరువాత ధరలు కోలుకొనగా వ్యాపారం చక్కగా నడచి, 2008లో ఆస్ట్రేలియాకు చెందిన సిమ్స్ కంపెనీలో కలసినది. వ్యాపారం మంచిదైనను పెట్టుబడి నష్టం కావచ్చును. ఈ రెండింటి తేడా తెలియుటయే ఈ చరిత్రలోని సారం.

మన ప్రాంతంలో

ఇప్పుడు మన వద్దకు వత్తము. హైదరాబాదులో పుట్టి పెరిగిన రాంకీ ఎన్విరో ఇంజనీర్స్ కంపెనీలో 60 శాతం వాటాను 53 కోట్ల డాలర్లకు కొనుటకు అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ 2018లో ఒప్పందం చేసికొన్నది. ఆ కంపెనీ నేడు రీ సస్టెయినబిలిటీ అను పేరుతో నడుచుచున్నది. చెత్తలో ధనమున్నదని పెద్ద పెట్టుబడిదారులకు తెలిసినదనుటకు ఇది గుర్తు. ప్లాస్టిక్కు వ్యర్థాలకు 2016లోను, బ్యాటరీలకు 2022లోను నియమావళులు వచ్చినవి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు కొత్త నియమాలు 2023 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినవి. తయారుదారులు తాము అమ్మిన సరుకునకు తగినంత వ్యర్థాన్ని తిరిగి శుద్ధి చేయించి ధ్రువపత్రం చూపవలెను. శుద్ధి చేయు కంపెనీలకు సరుకు మీదనే కాక ఈ ధ్రువపత్రాల మీద కూడ రాబడి ఏర్పడినది. ఇది మేలే. కాని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలలో ప్లాస్టిక్కు ధ్రువపత్రాలలో లక్షల సంఖ్యలో నకిలీవి బయటపడినవి. కావున ఏ కంపెనీ లాభంలోనైనను ధ్రువపత్రాల వంతు ఎంతయో విడిగా అడుగవలెను.

2012 నుండి బొంబాయి, జాతీయ స్టాక్ ఎక్స్చేంజీలు రెండును చిన్న కంపెనీల కొరకు ప్రత్యేక వేదికలు నడుపుచున్నవి. చిన్న కంపెనీ షేర్లు తక్కువగా చేతులు మారును. కొనునప్పుడు నలుగురు ఎగబడి ధర పెంచుదురు. అమ్మదలచిన నాడు కొనువాడు కనిపించడు. వ్యాపారం అమ్మినవారికి ఇచ్చిన షేర్లను కొంతకాలం వరకు అమ్మరాదను నిబంధన కూడ సాధారణంగా ఉండును. అనగా ధర పడిపోవుచున్నను వారు చూచుచు కూర్చొనవలసినదే.

మరియొక సంగతి లెక్కలలో కనిపించదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికిందరాబాదులోని భోయిగూడలో ఒక తుక్కు గోదాము తగులబడి, పైన నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు మరణించినారు. ఒకే మెట్లదారి, క్రింద కాగితం, సీసాలు, తీగలు, పైన మనుష్యులు. గోదామును కొనువారు ఆ మెట్లదారిని కూడ కొనుచున్నారు. మంటలార్పు సాధనాలు, పనివారి భీమా, వసతి ఇవి లేకుండ మిగిలిన లాభం లాభం కాదు. ఎవరిదో ప్రాణం మీద తీసికొన్న అప్పు. పెట్టుబడి పెట్టువాడు దీనిని గూర్చి అడుగుట ధర్మం, తెలివి కూడ.

అడుగవలసిన ప్రశ్నలు

ఇటువంటి కంపెనీ షేరు కొనబోవువారును, దానికి తమ వ్యాపారాన్ని అమ్మబోవువారును ఈ ఆరు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: కొత్తగా కొన్నవాటిని తీసివేసి చూచినచో, పాత గోదాములు నిరుటికంటె ఎక్కువ సరుకు సేకరించినవా? రూపాయలలో కాదు, టన్నులలో చెప్పమనవలెను. ధర మాయ చేయగలదు గాని తూకం అంత సులభంగా మాయ చేయదు.

రెండవది: లాభం చూపుచున్నారు సరే, చేతికి సొమ్ము వచ్చినదా? లాభనష్టాల ఖాతాతో పాటు నగదు రాకపోకల పట్టీ ఉండును. లాభం ఏటేటా పెరుగుచు, వ్యాపారం నుండి వచ్చు నగదు పెరుగకున్నచో సందేహింపవలెను.

మూడవది: మూడేండ్ల క్రిందట ఎన్ని షేర్లు ఉన్నవి, ఇప్పుడు ఎన్ని? అప్పు ఎంత? ధరలు నాలుగవ వంతు పడిపోయినను వడ్డీ కట్టగలరా?

నాలుగవది: గుడ్‌విల్ ఎంత? 50 లక్షలకు కొన్న వ్యాపారంలో యంత్రాలు, లారీలు, సరుకు 20 లక్షలే అయినచో మిగిలిన 30 లక్షలు ఆ పేరు మీద ఆస్తుల పట్టీలో కూర్చుండును. ఆ పేరు ఎవరిది? మన వ్యాపారంలో అది యజమానిదే. అతని ముఖం చూచి నలభైమంది బండ్లవారు సరుకు తెత్తురు. పండుగకు ముందు అడ్వాన్సు ఇచ్చువాడు, కాటా దగ్గర మాట తప్పనివాడు అతడే. అతడు ఇంట కూర్చున్న మరునాడు ఆ బండ్లు ప్రక్క గోదామునకు మరలును. అందుచే అమ్మిన యజమాని ఎన్నాళ్ళు పనిలో ఉండవలెనని ఒప్పందంలో వ్రాసినారో చూడవలెను.

ఐదవది: లారీలకు, యంత్రాలకు ఎన్నేండ్ల ఆయువు కట్టినారు? ఆ లెక్క నడుమ మార్చినారా? ఆడిటరును మార్చినారా?

ఆరవది: అనుమతులు, బిల్లులు, పన్నులు సరిగా ఉన్నవా? నోటిమాటతో, రొక్కంతో నడచిన చిన్న వ్యాపారాన్ని కొన్నప్పుడు దాని పాత బాకీలు కూడ వెంట వచ్చును.

ముగింపు

ఆ విద్యార్థి ఈ ప్రశ్నలను వ్రాసికొని తండ్రికి ఇచ్చినాడు. వారం తరువాత ఆయన స్వయంగా కళాశాలకు వచ్చినారు. కంపెనీవారిని అడుగగా మూడింటికి జవాబు వచ్చినదట. టన్నుల లెక్క, నగదు లెక్క, షేర్ల లెక్క మాత్రం "తరువాత పంపుతాం" అన్నారట. "సార్, నేను చదువుకోలేదు గాని, కాటా చూపించనివాడి దగ్గర సరుకు కొనను. ఈ షేరు కూడా సరుకే గదా" అని ఆయన అన్నారు. మా ఆరు ప్రశ్నల సారం ఆయన ఒక్క మాటలో చెప్పినారు. మేము, "భాయీ సాబ్, ఇక మేము చెప్పవలసినది లేదు" అంటిమి.

ఆయన బేరం మార్చినారు. గోదాము స్థలం అమ్మక అద్దెకిచ్చుట, వ్యాపారమునకు సొమ్ములో మూడు వంతులు నగదుగా, ఒక్క వంతు మాత్రమే షేర్లుగా తీసికొనుట అని చెప్పి పంపినారు. కంపెనీవారు ఒప్పుకొనలేదు. గోదాము ఇంకను ఆయనదే. రేపు ఆ కంపెనీ షేరు పెరిగి, "అయ్యో, తీసికొని యుండవలసినది" అనిపించవచ్చును. అటువంటి విచారమును సహింపవచ్చును. ఇంటి ఆధారం పోయిన విచారం సహింపరానిది. ఇప్పుడు ఆ అబ్బాయి సాయంకాలం గోదాములో కూర్చుండి, రోజుకెంత సరుకు వచ్చినది, ఎంత పోయినది, చేతికి ఎంత వచ్చినది అని మొదటిసారిగా పుస్తకం వ్రాయుచున్నాడు. ముందు ముందు ఎవరైనను మరల కొనుటకు వచ్చినచో, తన వ్యాపారపు విలువ ఎంతో తండ్రికి నోటితో గాక పుస్తకంతో చెప్పగలుగును.

విద్యార్థులారా! కొని పెరిగినదంతయు చెడ్డది కాదు; పెరిగినదంతయు బలమైనది కాదు. పెరుగుదలను చూచినప్పుడు అది కష్టించి సాధించినదా, కేవలం కొన్నదా అని ఒక్క క్షణం ఆగి అడుగుడు. జవాబు కాగితంలో కనిపించనిచో మీ ఇంటివారి సొమ్మును అక్కడ పెట్టకుడు.